మైదానం లోడవుతోంది, దయచేసి వేచి ఉండండి

ప్రపంచ కప్పు పేరుతో వచ్చిన ఆ ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఈ మధ్యకాలంలో మన పిల్లలకు జరిగిన గొప్ప మేలు. అవును, మీరు సరిగానే చదివారు!

కొన్నవాళ్లంతా దాన్ని దుమ్మెత్తిపోస్తున్నారని నాకు తెలుసు. కప్పు మొదలయ్యేలోపే అమ్ముకోవాలన్న తొందరలో కంపెనీవాళ్లు సగం ఉడికిందే వడ్డించేశారట. ఈ మాటల్లో నాకు న్యాయం కనబడదు. నిదానంగా ఆలోచిద్దాం.

ఆటగాళ్లు నడుము దాకా నేలలోకి దిగబడిపోతున్నారన్నది మొదటి ఫిర్యాదు. నాలుగు గోల్స్ కొట్టేసరికి కాళ్లు నేల మీద నిలవని ఆటగాళ్లను మనం ఎంతమందిని చూడలేదు? వీళ్ల కాళ్లు నేల మీదే కాదు, నేల లోపలే ఉన్నాయి. ఇంత అణకువ ఎక్కడ దొరుకుతుంది?

బంతి మీదికొస్తుంటే గోల్‌కీపర్ వెనక్కి తిరిగి గోల్‌పోస్టును కావలించుకుంటాడట. పాపం, అక్కడ అతనికి తోడుగా ఉన్నది అదొక్కటేగా!

స్టేడియంలో ఎనభై వేలమందికీ ఒకటే మొహం, ఒకటే చొక్కా. అందరూ ఒక్కసారే లేస్తారు, ఒక్కసారే కూర్చుంటారు. మన అపార్టుమెంటు మీటింగులో నలుగురు అలా కూర్చున్న రోజుందా? ఇక బంతి అప్పుడప్పుడు మాయమవుతుందట. మాయమైతే ఏం? ఆట ఆగడం లేదు కదా! పని ఎక్కడుందో తెలియకుండానే మన ఆఫీసులు ఎన్ని నడవడం లేదు?

ఇంత చెప్పినా మీకు నమ్మకం కుదరకపోవచ్చు. అందుకని ఈ ఆట వల్ల బాగుపడిన ఒక బడి సంగతి చెబుతాను.

అది ఆడపిల్లల బడి. అక్కడ ఆటలు నేర్పే ఆవిడను పిల్లలు విజిల్ మేడం అంటారు. నల్లతాడు కట్టిన విజిల్ ఆవిడ మెడలో ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. ఇంటికొచ్చాక కూడా తీయడం గుర్తుండదు. ఒకసారి ఆవిడ వంకాయలు తరుగుతుండగా పక్కింటి పిల్లి పాలగిన్నెలో మూతి పెట్టబోతే ఆలోచించకుండా ఊదేసింది. పిల్లి ఆగిపోయింది. ముందు గదిలో పేపరు చదువుకుంటున్న ఆవిడ భర్త కూడా లేచి నిలబడ్డాడు.

బడి కరస్పాండెంటుగారు ఆ భర్తకు సొంత బాబాయి. అంటే విజిల్ మేడానికి చిన్నమామగారు. బళ్లో ఆవిడ ఆయన్ను ‘సార్’ అంటుంది, ఆయన ఆవిడను ‘మేడం’ అంటారు. ఇంట్లో ఆవిడకు ఆయన ‘మామయ్యగారు’, ఆయనకు ఆవిడ ‘అమ్మాయి’. ఈ హద్దు ఇద్దరూ ఏనాడూ దాటలేదు. బడి విషయం బళ్లో అడిగితే ‘ఇంటి కోడలివి, నలుగురిలో ఏమిటిది’ అన్నట్టు చూస్తారు. ఇంట్లో అడిగితే ‘ఆఫీసు సంగతులు భోజనాల దగ్గరెందుకు’ అంటారు. అందువల్ల ఆవిడ అభిప్రాయాలన్నీ బడికీ ఇంటికీ మధ్య సిటీబస్సులో పుట్టి, దిగే స్టాపు వచ్చేలోపు అక్కడే కన్నుమూసేవి.

బడి వెనకాల ఒక మైదానం ఉండేది. పెద్దదేమీ కాదు. ఒక పక్క సైకిళ్ల షెడ్డు, ఇంకో పక్క ప్రహరీ. ప్రహరీ అవతల రంపపు మిల్లు. గట్టిగా తంతే బంతి మిల్లులో పడేది, తిరిగొచ్చేటప్పుడు ఒళ్లంతా రంపపు పొట్టు పూసుకుని వచ్చేది. కిందటేడు ఆ మైదానంలో తయారైన జట్టు అంతర పాఠశాలల పోటీల్లో మొదటిసారి సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఒక్క గోలు తేడాతో ఓడింది. ఆ బంతి గోల్‌కీపర్ వేలి కొసలకు తగిలి మరీ లోపలికి పోయింది.

ఆ గోల్‌కీపర్‌ను అందరూ ‘గోడ’ అంటారు. మాట తక్కువ, ఒళ్లంతా గీరుకున్న మచ్చలు. తిరుగు ప్రయాణంలో బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని, దిగేటప్పుడు మాత్రం ఒక్కమాట అంది.

“వచ్చేసారి అది పట్టుకుంటాను మేడం.”

విజిల్ మేడం ఏడాదంతా ఆ ఒక్క మాట మీదే బతికింది. ఆవిడ కోరిక పెద్దదేం కాదు. ఈ ఏడు పిల్లలు ఫైనల్లో ఆడాలి, గోడ ఆ బంతి పట్టుకోవాలి.

సరిగ్గా అప్పుడే రాబోయే ప్రపంచ కప్పు హడావిడి మొదలైంది. దాని పేరు చెప్పుకుని ఆ ఆట వచ్చింది. ఏదో విద్యా సదస్సుకు వెళ్లిన కరస్పాండెంటుగారు అక్కడ దాన్ని చూసి, పెద్ద టీవీతో సహా కొనుక్కుని వచ్చారు. మర్నాడు ప్రార్థనలో ప్రకటించారు. ఇకనుంచి మన బళ్లో డిజిటల్ క్రీడలు! ఎండదెబ్బ లేదు, మోకాలి చిప్పలు పగలడం లేదు, మా పిల్ల నల్లబడిపోయిందని వచ్చే తల్లులు లేరు.

మేడ మీద పాత సైన్స్ ల్యాబును డిజిటల్ క్రీడాశాల చేశారు. బల్లలకు సింకులు అలాగే ఉన్నాయి. ఎముకల బొమ్మను ఎక్కడ పెట్టాలో తెలియక టీవీ పక్కనే నిలబెట్టారు. ఆడించే రిమోట్లు రెండే, అంటే ఒకసారికి ఆడేది ఇద్దరే. మిగతా నలభైమంది సింకుల చుట్టూ కూర్చుని చప్పట్లు కొట్టాలి. పిల్లలంతా స్పోర్ట్స్ షూ వేసుకునే రావాలి, గుమ్మం దగ్గర విప్పేసి లోపలికి వెళ్లాలి. ఆటకు ముందు ఒళ్లు వేడెక్కాలి కదా? విజిల్ మేడం ఊదగానే క్లాసంతా బొటనవేళ్లు కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి తిప్పాలి. క్రమశిక్షణలో ఎక్కడా లోటు రానివ్వలేదు.

అసలు మేలు తరవాత జరిగింది. ఆ ఆటలో స్టేడియానికి మనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చని కంప్యూటర్ సార్ కనిపెట్టాడు. కరస్పాండెంటుగారు స్వయంగా మీటలు నొక్కి తన తండ్రిగారి పేరు పెట్టారు. తెర మీద ఎనభై వేల సీట్ల స్టేడియం, దాని నుదుటన బంగారు అక్షరాల్లో తండ్రిగారి పేరు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అందులో నటన లేదు, నేను హామీ ఇస్తున్నాను. ఆ తెరను ఫొటో తీయించి ఆఫీసు గదిలో తండ్రిగారి పటం పక్కనే కట్టించారు. బడి కరపత్రంలో కొత్త వాక్యం చేరింది: ‘ఎనభై వేలమంది కూర్చునే సొంత స్టేడియం గల ఏకైక బాలికల పాఠశాల.’

అంత పెద్ద స్టేడియం వచ్చాక పార్కింగ్ లేకపోతే ఎలా?

ఇందులో తప్పు పట్టడానికి ఏముంది, మీరే చెప్పండి! వెనకాల ఒక ఖాళీ స్థలం ఊరికే పడి ఉంది. దాంట్లో కార్లు నిలిపారు. పిల్లల్ని దింపే తల్లిదండ్రులవి, టీచర్లవి, సాయంత్రాలు పక్కనున్న ఫంక్షన్ హాలుకు వచ్చేవాళ్లవి. ముగ్గుతో గీసిన పెనాల్టీ బాక్సు గీతలు రెండు కార్లకు సరిగ్గా సరిపోయాయి. ఒక వైపు గోల్‌పోస్టును పీకి, గేటు దగ్గర పాతి, పైకమ్మీకి ‘ఇన్’ అని బోర్డు కట్టారు. ఏ వస్తువునీ వృథా చేయలేదు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర విజిల్ మేడం, మామయ్యగారికి మజ్జిగ పోస్తూ, పోటీలు దగ్గర పడుతున్నాయని నెమ్మదిగా కదిపింది. సాయంత్రం ఒక్క గంట కార్లు తీయించగలరా అని అడిగింది. ఆయన కోప్పడలేదు. ఆయనకు కోపం రాదు, నవ్వే వస్తుంది.

“పిల్లలు ప్రపంచ కప్పు ఆడుతుంటే నువ్వు మిల్లు గోడ పక్కన ఆడిస్తానంటావేమిటమ్మాయీ? కాస్త పెద్దగా ఆలోచించడం నేర్చుకో.”

భర్త తలెత్తలేదు. బాబాయి ఉన్నంతసేపూ అన్నంలో రాళ్లు వెతుక్కోవడం అతని అలవాటు. ఆ రోజు చాలా రాళ్లు ఉన్నట్టున్నాయి.

పోటీలకు ముందు పక్క పేట బడితో వాళ్ల మైదానంలో ఒక స్నేహపూర్వక మ్యాచ్ కుదిరింది. నెలల తరబడి బొటనవేళ్లతో సాధన చేసిన జట్టు అది. ఎలా ఆడిందని అడగరేం?

ఆ వీడియో గేమ్‌లో ఎవరు పరిగెత్తాలో వాళ్ల తల మీద పసుప్పచ్చ బాణం గుర్తు వస్తుంది. మిగతావాళ్లు తమంతట తామే సర్దుకుంటారు. మన పిల్లలు మొదటి పాస్ చక్కగా ఇచ్చారు. ఇచ్చి ఆగారు. బంతి మధ్యలో ఉంది. ఎవరి తల మీదా బాణం లేదు. ఒకరి తల వైపు ఒకరు చూసుకున్నారు. అవతలి జట్టు పిల్ల నింపాదిగా వచ్చి బంతి తీసుకుని వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, “ఏమైందే, పేలా?” అని కూడా అడిగింది.

గోడ మాత్రం దూకింది. కాకపోతే సగంలోనే ఆగి మోచేతుల మీద పడింది. నేల మీద పడి చాలా కాలమైంది, ఒళ్లు భయపడింది. ఎన్ని గోల్స్ పడ్డాయో చెప్పడం మర్యాద కాదు.

విజిల్ మేడం బస్సులో గోడ మోచేతులకు మందు రాస్తూ కూర్చుంది. ఆ రోజు ఆవిడ అభిప్రాయాలు స్టాపు వచ్చినా చావలేదు. ఆవిడతో పాటే దిగాయి.

ఇంతలో బడి గుర్తింపు పొడిగించడానికి తనిఖీ అధికారి వస్తున్నారని కబురొచ్చింది. గదులు, గాలి, నీళ్లు, మరుగుదొడ్లు, ఆటస్థలం అన్నీ కళ్లతో చూస్తేనే గుర్తింపు. కరస్పాండెంటుగారు ఏమాత్రం తొణకలేదు. ఎనభై వేల సీట్లున్న మనిషి ఎందుకు తొణకాలి?

అధికారిగారి కారు ‘ఇన్’ బోర్డు కింద నుంచి లోపలికొచ్చి, నీడ ఉన్న చోటు చూసుకుని ఆగింది. ఆయన గదులు చూశారు, కుళాయిలు తిప్పి చూశారు. ఇక ఆటస్థలం చూపించమన్నారు. కరస్పాండెంటుగారు మెట్ల వైపు దారి తీశారు.

“ఆటస్థలం మేడ మీదా?” అని అధికారి ఆగారు.

“పైకి రండి సార్. చూశాక మీరే అంటారు.”

క్రీడాశాలలో పిల్లలు సింకుల చుట్టూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. విజిల్ మేడం తలుపు పక్కన నిలబడి ఉంది. కంప్యూటర్ సార్ టీవీ పెట్టాడు. సరిగ్గా ఆ వేళకే కంపెనీవాళ్లు అప్‌డేట్ పంపారు. తెర మీద ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. దాని కింద తెలుగులోనే రాసి ఉంది: ‘మైదానం లోడవుతోంది, దయచేసి వేచి ఉండండి.’

అధికారి కూర్చున్నారు. టీ వచ్చింది. బిస్కట్లు వచ్చాయి. చక్రం తిరుగుతూనే ఉంది. సర్వీసంతా జనాన్ని వేచి ఉండండి అన్న మనిషి ఆయన. ఎదురుగా ఎవరో తనను వేచి ఉండమంటే ఎలా ఉంటుందో ఆ పూట మొదటిసారి రుచి చూసి ఉంటారు. చూశారా, ఆ ఆట పెద్దలకు కూడా ఎంత నేర్పుతోందో!

ఎట్టకేలకు స్టేడియం వచ్చింది. నుదుటన తండ్రిగారి పేరు ధగధగలాడింది. ఎనభై వేలమంది ఒకే మొహం మనుషులు ఒక్కసారే లేచారు. ఆటగాళ్లు నడుము దాకా గడ్డిలో కూరుకుని, చేతులు ఊపుతూ, వరి నాట్లలో దిగినవాళ్లలా ముందుకు జరిగారు. రిఫరీ వెనక్కి పరిగెత్తుతూ స్టేడియం గోడలోంచి బయటికి వెళ్లిపోయాడు.

“మరి ఇందులో పిల్లలు ఎక్కడ పరిగెడతారండీ?” అన్నారు అధికారి.

“వేళ్లు పరిగెడతాయి సార్. మెదడు పరిగెడుతుంది.”

అధికారి తెర వైపు చూశారు, చేతి గడియారం వైపు చూశారు. ఇంకో రెండు బళ్లు చూడాల్సి ఉంది. ఎండ పెరుగుతోంది. ఒకటి మాత్రం నిజం, ఆయన కళ్ల ముందు మైదానం లాంటిదేదో ఉంది. కలం తీశారు. మామూలుగా ఒకమాట అడిగి రాసేద్దామనుకున్నారేమో, విజిల్ చూసి మేడం వైపు తిరిగారు.

“గేమ్స్ టీచర్ మీరేనా? ఆటస్థలం ఉన్నట్టేనా అమ్మా?”

కరస్పాండెంటుగారు ఆవిడ వైపు చూసి నవ్వారు. ఆ తొందరలో ఆయనకు ఎన్నడూ జారని మాట జారింది.

“చెప్పమ్మాయీ.”

బళ్లో, నలభైమంది పిల్లల ముందు, పై అధికారి ముందు, అమ్మాయీ అన్నారు. మేడమైతే సార్ మాట జవదాటదు. ఆయన పిలిచింది అమ్మాయిని. అమ్మాయికి ఆ ఇంట్లో ఏది ఎక్కడ ఉందో తెలుసు కదా!

“ఉందండి,” అంది విజిల్ మేడం. “మీ కారు దాని మీదే ఉంది.”

అధికారి కలం ఆగింది.

“మీరు లోపలికొచ్చింది గోల్‌పోస్టు కింద నుంచే.”

సింకు పక్కనుంచి గోడ తన పక్కపిల్లతో అన్న మాట అందరికీ వినబడింది. “అయితే గోలే.”

అధికారి లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. కింద కార్ల చక్రాల మధ్య ముగ్గు గీతలు అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. కుర్చీలోకి తిరిగొచ్చి ఇలా రాశారు: ‘ఆటస్థలము కలదు. దానిపై వాహనములు నిలుపుచున్నారు. తొలగించి తెలియపరచవలెను.’ పొడిగింపు మాత్రం ఇచ్చేశారు. కిందికి దిగి, అదే కారెక్కి, అదే గోల్‌పోస్టు కింద నుంచి బయటికి వెళ్లారు.

కరస్పాండెంటుగారు చట్టాన్ని గౌరవించే మనిషి. అధికారిగారి కారు వెళ్లగానే అది నిలిపిన జాగా ఖాళీ అయింది కదా? ‘వాహనము తొలగించడమైనది’ అని ఆ మధ్యాహ్నమే జవాబు రాయించారు. మళ్లీ వచ్చినప్పుడు ఆయనకు ఇబ్బంది కలగకుండా ఆ జాగాకు తాడు కట్టించి, ‘తనిఖీ అధికారిగారికి మాత్రమే’ అని బోర్డు కూడా పెట్టించారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన నవ్వలేదు.

“ఇంటి మనిషివనుకున్నాను.”

“ఇంటి మనిషిని కాబట్టే అక్కడితో ఆపాను మామయ్యగారూ,” అంటూ విజిల్ మేడం మజ్జిగ గిన్నె ఆయన ముందు పెట్టింది. ఈసారి పోయలేదు. భర్త తలెత్తి పెళ్లాం వైపు చూశాడు. అతనికి రాళ్లు దొరకడం ఆ పూటతో ఆగిపోయింది.

అధికారి ఏడాదికొకసారి వస్తారు. అంటే ఆ కారు జాగా ఏడాది పొడుగునా ఖాళీయే. విజిల్ మేడం పిల్లల్ని అందులోకి దింపింది. ఒక కారు పట్టే చోటులో ఏం ఆడగలరు? ఒకరు తన్నాలి, గోడ దూకాలి. ఎడమ పక్క ప్రిన్సిపాల్ గారి కారు, కుడి పక్క ఎవరిదో పెళ్లివారి వ్యాను. అద్దాలకు తగలకుండా తన్నాలి, అద్దాలకు తగలకుండా పట్టాలి. రోజూ సాయంత్రం గోడ ఆ రెండింటి మధ్య కంకర మీద పడి లేచింది. మోచేతులు మానేలోపే మళ్లీ గీరుకున్నాయి. ఒళ్లు భయం మరిచిపోయింది.

పోటీలు వచ్చాయి. మొదటి మ్యాచే ఆఖరిదయింది. గోడ కుడికి దూకి పట్టింది, ఎడమకు దూకి పట్టింది. కిందటేడు వేలికొసలు దాటిపోయిన బంతి లాంటిదే మళ్లీ వస్తే రెండు చేతులా గుండెకు హత్తుకుంది. అవతలి జట్టు పిల్లలు కూడా చప్పట్లు కొట్టారు. కానీ మిగతా పిల్లలకు అలవాటైంది కారు పొడవు. అది దాటి పాస్ వెళ్లేది కాదు. సగం ఆటకే అందరికీ ఊపిరి అందలేదు, ఒకమ్మాయి గీత దగ్గర కూర్చుని వాంతి చేసుకుంది. చివరి నిమిషాల్లో అవతలి జట్టువాళ్లు ముగ్గురు ఒక్కసారి గోడ మీదికి వచ్చారు. అడ్డం రావడానికి పరిగెత్తగలిగినవాళ్లు ఒక్కరూ లేరు.

గోడ బంతిని గోల్ లోపలినుంచి తీసుకుని, తుడిచి, రిఫరీ చేతికిచ్చింది.

మర్నాడు ఆటల పీరియడులో యథాప్రకారం షూ విప్పి పిల్లలు సింకుల చుట్టూ చేరారు. ఈలోగా ప్రపంచ కప్పు కూడా వచ్చి, ముగిసింది. ఎవరో గెలిచారు. కంప్యూటర్ సార్ టీవీ పెట్టగానే ఆట రాలేదు, ఒక ప్రకటన వచ్చింది. కొన్నవాళ్లందరి తిట్లూ తిన్నాక కంపెనీవాళ్లు పంపింది. విజిల్ మేడం దాన్ని పైకి చదివింది.

‘ప్రియమైన క్రీడాకారులారా, మీరు ఆడుకునే మైదానం విషయంలో మేము విఫలమయ్యాము. మీ కాళ్ల కింద నేల సరిగా ఉంచలేకపోయాము. పరిగెత్తడానికి తగిన చోటు ఇవ్వలేకపోయాము. మీ ఆట పాడైనందుకు మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుతున్నాము. త్వరలోనే మీ మైదానాన్ని బాగుచేసి మీకు అప్పగిస్తాము.’

పిల్లలు విన్నారు. పాఠకులారా, ఇప్పటికైనా ఒప్పుకుంటారా? కరస్పాండెంటు, అధికారి, కార్లవాళ్లు, ఇంతమంది పెద్దమనుషుల్లో ఆ పిల్లలకు ఈ మాట రాసినవాళ్లు వీళ్లొక్కరే. అలాంటి కంపెనీనా మీరు తిట్టేది?

గోడ చేయెత్తింది.

“ఇంకోసారి చదవరా మేడం?”

విజిల్ మేడం మళ్లీ చదివింది. గోడ మోచేతి మీది చెక్కు గిల్లుకుంటూ చివరిదాకా వింది.

“మంచివాళ్లు మేడం,” అంది.